బడి ఎన్నిక నుంచి గ్రామసభ దాకా: పిల్లల పౌరనీతిపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఎనిమిదో తరగతిలో 42 మంది పిల్లలు. ఏటా చేతులెత్తించి క్లాస్ లీడర్‌ని ఎన్నుకుంటున్నాం. ప్రతిసారీ ఫస్ట్ ర్యాంకు పిల్లో, గట్టిగా అరిచే పిల్లాడో గెలుస్తారు. ఆ తర్వాత వాళ్ల మాట ఎవరూ వినరు. దీన్ని నిజమైన ఎన్నికలా జరిపించడం ఎలా?
*– సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని, జనగామ జిల్లా*

జవాబు: ముందు చేతులెత్తించడం మానేయండి. చెయ్యెత్తే ముందు ప్రతి పిల్లాడూ పక్కవాడి వైపు చూస్తాడు. ఓటు రహస్యంగా ఎందుకుండాలో ఆ చూపులోనే తెలిసిపోతుంది.

అంతకంటే ముందు తేల్చాల్సింది, గెలిచినవాళ్లు చేసే పనేమిటన్నది. చాలా బడుల్లో లీడర్ పని మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడమే. అది టీచరు తరఫున కాపలా కాయడం. దానికి ఎన్నిక అక్కర్లేదు, మీరే ఒకరిని నియమించుకోవచ్చు. ఎన్నిక పెట్టేట్టయితే చిన్నదైనా సరే, నిజమైన అధికారం ఇవ్వండి. ఆటల పీరియడ్‌లో ఏ ఆట ఆడాలి, మధ్యాహ్న భోజనం వరసలో ఏ రోజు ఏ బెంచీ ముందుండాలి, నెలకు 100 రూపాయల తరగతి నిధి దేనికి ఖర్చు పెట్టాలి, ఇలాంటివి. వాటిని నోటిఫికేషన్‌లోనే రాసి గోడకు అంటించండి. లీడర్‌కు లేని అధికారాలు కూడా అందులోనే ఉండాలి: కొట్టడం, శిక్ష వేయడం, డబ్బు వసూలు చేయడం.

ఎన్నిక మొత్తానికి ఒక వారం సరిపోతుంది. సోమవారం నోటిఫికేషన్‌తోపాటు ముసాయిదా ఓటర్ల జాబితా పెట్టండి. అందులో కావాలనే ఇద్దరి పేర్లు వదిలేయండి. తన పేరు ఉందో లేదో ఎవరు చూసుకున్నారు, ఎవరు చూసుకోలేదన్నది సాయంత్రానికల్లా బయటపడుతుంది. తుది జాబితాలో ఆ పేర్లు చేర్చి, ఎందుకలా చేశారో చెప్పేయండి. మంగళవారం నామినేషన్లు. ఒక్కొక్కరికీ ఒక ప్రతిపాదకుడు చాలు. బుధవారం పరిశీలన, ఉపసంహరణ, గుర్తుల కేటాయింపు. పిల్లలు మొదట అడిగేవి సైకిలు, ఫ్యాను, కారు, గాజు గ్లాసు. అవేవీ ఇవ్వకండి. బ్యాటు, గొడుగు, తాళంచెవి, ఉంగరం లాంటివి చీటీల మీద రాసి లాటరీ తీయండి.

గురువారం ప్రచారం. మనిషికి ఏ4 కాగితం మీద ఒక్క పోస్టరు, రెండు నిమిషాల ప్రసంగం, 20 రూపాయల ఖర్చు పరిమితి. లెక్క కాగితం మీద రాసి ఇవ్వాలి. మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థికి ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలని అప్పుడు చెబితే పిల్లలకు గుర్తుండిపోతుంది. చాక్లెట్లు పంచితే ఏమవుతుందన్నది ముందే తేల్చాలి. పంచాక తేలిస్తే గొడవే.

ఇక పోలింగ్. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే 11 కాగితాలకు 44 బ్యాలెట్లు వస్తాయి. పాడయ్యేవాటికి రెండు మిగులుతాయి. అభ్యర్థుల పేర్లు అకారాది క్రమంలో ఒకదాని కింద ఒకటి, పక్కన గుర్తు, చివర నోటా, అంటే వీళ్లెవరూ వద్దు అని. సుప్రీంకోర్టు తీర్పుతో 2013లో నోటా వచ్చింది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు ఎన్ని ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ తెచ్చుకున్నవాళ్లే గెలుస్తారు. మీ తరగతికి ఏ నియమం కావాలో పిల్లల్నే తేల్చుకోనివ్వండి, కానీ పోలింగ్‌కు ముందే. ప్రతి బ్యాలెట్ వెనకా సంతకం పెట్టాకే చేతికివ్వాలి. లేకపోతే ఇంట్లో తయారైనవి కూడా డబ్బాలో పడతాయి.

ముగ్గురు పోలింగ్ అధికారులు కావాలి. ఒకరు పేరు పైకి చదివి జాబితాలో టిక్కు పెడతారు. ఆ పేరు అభ్యర్థుల ఏజెంట్లకు వినబడాలి, అభ్యంతరం చెప్పే అవకాశం అప్పుడే. రెండోవారు సంతకం తీసుకుని ఎడమచేతి చూపుడువేలికి స్కెచ్ పెన్ను గీత పెడతారు. మూడోవారు బ్యాలెట్ ఇస్తారు. పెద్ద అట్టపెట్టెను ఒక పక్క కోసి బల్ల మీద నిలబెడితే అదే ఓటింగ్ కంపార్టుమెంటు. మనిషికి 40 సెకన్లు వేసుకుంటే 42 మందికి 28 నిమిషాలు. 45 నిమిషాల పీరియడ్‌లో లెక్కింపు కూడా పూర్తి కావాలంటే ఆలస్యం లేకుండా నడపాలి.

ఎక్కువ ఓట్లు చెల్లకుండా పోయేది ఒక్క కారణంతో. రబ్బరు ముద్ర వాడితే, సిరా ఆరకముందే బ్యాలెట్‌ను అడ్డంగా మడుస్తారు. ముద్ర పైవాడి గడిలోనో కిందివాడి గడిలోనో అచ్చుపడుతుంది. మొదట నిలువుగా మడవాలి, తర్వాతే అడ్డంగా. నిలువుగా మడిస్తే ముద్ర అంటినా అదే అభ్యర్థి వరసలోనే అంటుతుంది. పంచాయతీ ఎన్నికల్లో పెద్దవాళ్లకూ ఇదే చెబుతారు. స్టాంపు ప్యాడ్ మీద సిరా తక్కువ పోయండి. ఫోనులో ఈవీఎం యాప్ పెడదామని ఎవరో ఒకరు అంటారు. మా ఓటు కాగితానికే. అనుమానం వస్తే మళ్లీ లెక్కపెట్టుకోవచ్చు, పిల్లలు తమ చేత్తో పట్టుకుని చూడొచ్చు.

లెక్కింపులో ముందు ఎవరికెన్ని వచ్చాయో చూడకండి. డబ్బాలోని మొత్తం బ్యాలెట్లు లెక్కపెట్టి, సంతకాల సంఖ్యతో సరిచూడండి. ఒకటి తేడా వస్తే అందరి ముందే రాసి పెట్టండి, సర్దేయకండి. ఆ తర్వాతే కట్టలు. రెండు ముద్రలున్నా, గీత మీద పడి ఎవరికో తేలకపోయినా, ఓటరు తన పేరు రాసినా ఆ ఓటు చెల్లదు. అలాంటి ప్రతిదీ ఏజెంట్లకు చూపించాలి. సమానంగా వస్తే లాటరీ, అసలు ఎన్నికల చట్టంలోనూ అంతే. ఒక్క ఓటుకు ఏం విలువ అనేవాడికి 2008 రాజస్థాన్ ఎన్నికల సంగతి చెప్పండి. నాథ్‌ద్వారా నియోజకవర్గంలో కాంగ్రెస్ నేత సి.పి. జోషి ఓడింది ఒకే ఒక్క ఓటుతో.

అబ్బాయిలు ఎక్కువుంటే అమ్మాయి ఎప్పటికీ గెలవకపోవచ్చు. ఒక్కోసారి కులం లెక్కలు కూడా తరగతిలోకి వచ్చేస్తాయి, తెలియనట్టు ఉండకండి. లీడరు, ఉపలీడరు పదవుల్లో ఒకటి అమ్మాయిలకు కేటాయించి, వచ్చే టర్ములో మార్చండి. అన్యాయం అని ఎవరో లేస్తారు. అదే మంచి పాఠం. రాజ్యాంగ 73వ సవరణ పంచాయతీల్లో మహిళలకు కనీసం మూడోవంతు స్థానాలు ఇచ్చింది, మన రెండు రాష్ట్రాలు దాన్ని సగం చేశాయి. ఎందుకో పిల్లలచేతే వాదించనివ్వండి.

లీడరు మాట ఎవరూ వినరన్నారు. నెలకోసారి 20 నిమిషాలు లీడరు నిలబడి 100 రూపాయల లెక్క చదివి, ప్రశ్నలకు జవాబు చెప్పే సభ పెట్టండి. ఓడిన అభ్యర్థికి మొదటి ప్రశ్న అడిగే హక్కు ఇవ్వండి. వినకపోవడం చాలావరకు తగ్గుతుంది.

---

ప్రశ్న: మా వీధిలో లైటు వెలగడం లేదు. "ముఖ్యమంత్రికి చెప్పు నాన్నా" అంటున్నాడు ఐదో తరగతి చదివే మా అబ్బాయి. ఏ ప్రభుత్వం ఏం చేస్తుందో వాడికి అర్థమయ్యేట్టు చెప్పేదెలా?
*– విజయనగరం*

జవాబు: చెప్పకండి, నడిపించండి. సాయంత్రం వాణ్ణి తీసుకుని అరగంట వీధి తిరగండి. కనబడిన ప్రతిదానికీ "ఇది ఎవరిది?" అని అడగండి. కాలువ, కుళాయి, చెత్తబండి: పట్టణమైతే మున్సిపాలిటీ, ఊరైతే పంచాయతీ. ఆర్టీసీ బస్సు, పోలీసు స్టేషను: రాష్ట్రం. పోస్టాఫీసు, రైల్వే గేటు, జాతీయ రహదారి: కేంద్రం. అన్నీ ఇంత సుఖంగా తేలవు. వాడి బడి రాష్ట్రానిది, కానీ మధ్యాహ్న భోజనానికి కేంద్రమూ డబ్బిస్తుంది. వీధిలైటు సంగతీ అంతే. బల్బు మున్సిపాలిటీది, స్తంభం, తీగలు విద్యుత్ పంపిణీ సంస్థవి. మీ జిల్లాలో అది ఏపీఈపీడీసీఎల్.

అందుకే ఫిర్యాదుకు ముందు చిన్న పరిశోధన చేయించండి. ఒక్క లైటే పోయిందా, వరసలో అన్నీ పోయాయా? ఒక్కటే అయితే బల్బు, మున్సిపాలిటీకి. వరసంతా అయితే లైను సమస్య కావచ్చు, పంపిణీ సంస్థకు. స్తంభం మీద రంగుతో వేసిన నంబరు వాడిచేతే రాయించండి. "మా ఇంటి దగ్గర లైటు" అని రాస్తే ఎవరూ రారు. స్తంభం నంబరు, వీధి పేరు, ఎన్ని రోజులైంది, ఈ మూడూ ఉండాలి.

ఉత్తరం రెండు ప్రతులు. ఒకటి వార్డు సచివాలయంలో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వాడు అడిగితే వేస్తారు, చిన్నపిల్లాడి ముందు కాదనడం కష్టం. వారం చూడండి. కదలకపోతే ఆ ముద్ర ఉన్న కాగితంతో మున్సిపల్ కార్యాలయానికి. అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు. తెలంగాణలో ఉన్నవాళ్లకు అది ప్రజావాణి. మొదటిరోజే కలెక్టర్ దగ్గరికి పరుగెత్తితే అర్జీ తిరిగి కింది ఆఫీసుకే వస్తుంది, రోజులు వృథా.

---

ప్రశ్న: గ్రామసభకు పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? పెద్దవాళ్లే వెళ్లడం లేదు.
*– నల్లగొండ జిల్లా*

జవాబు: తీసుకెళ్లొచ్చు. గ్రామసభ అంటే సర్పంచి, వార్డు సభ్యుల సమావేశం కాదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. పిల్లలకు సభ్యత్వం ఉండదు, చూడటానికి అడ్డేమీ లేదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి జరపాలి. తేదీ, ఎజెండా ముందు రోజుల్లో పంచాయతీ బోర్డు మీద చూసుకోండి.

ఊరికే కూర్చోబెడితే పావుగంటకే "ఇంటికి పోదాం" అంటారు. నలుగురు పిల్లలకు నాలుగు పనులు పంచండి. ఒకరు మాట్లాడినవాళ్లను లెక్కపెట్టాలి, అందులో ఆడవాళ్లెందరో వేరుగా. ఒకరు అడిగిన సమస్యలు రాసుకోవాలి. ఒకరు ఏ తీర్మానం పుస్తకంలోకి ఎక్కిందో, ఏది ఎక్కలేదో చూడాలి. ఇంకొకరు డబ్బు అంకె వినబడిన ప్రతిసారీ నోట్ చేయాలి. ఇంటికొచ్చాక నాలుగు కాగితాలూ పక్కపక్కన పెడితే ఊరు ఏం మాట్లాడుకుంది, ఏం రాసుకుంది అన్న తేడా తెలుస్తుంది. సభ అయిపోయాక సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరగడం పిల్లలు గమనిస్తే, దాచకుండా నిజం చెప్పండి. కోరం, అంటే సభకు కావాల్సిన కనీస హాజరు, నింపడానికి అలా చేస్తారని, అది తప్పని.

పక్కనే కర్ణాటకలో ఏటా మక్కళ గ్రామసభ, అంటే పిల్లల గ్రామసభ జరుపుతారు. మీ బడి ప్రధానోపాధ్యాయుడు, పంచాయతీ కార్యదర్శి ఒప్పుకుంటే అలాంటిది మీ ఊళ్లోనూ పెట్టుకోవచ్చు. ఎజెండాలో మూడు అంశాలు మించకూడదు. బడి మరుగుదొడ్డి నీళ్లు, ఆటస్థలం, బడి దారిలో కుక్కలు, ఇలా పంచాయతీ చేతిలో ఉన్నవే ఉండాలి. మెడికల్ కాలేజీ కావాలని అడిగిస్తే చప్పట్లు పడతాయి తప్ప పని జరగదు, పిల్లలకు మిగిలేది నిరాశ.

---

ప్రశ్న: ఇంట్లో ప్రజాస్వామ్యం నేర్పాలంటారు. అంటే పిల్లలు ఏది అడిగితే దానికి ఓటింగ్ పెట్టాలా? మా ఇద్దరబ్బాయిలు కలిసి చెల్లెల్ని ప్రతిసారీ 2–1తో ఓడించేస్తున్నారు, టీవీ రిమోట్ వాళ్లదే.
*– విజయవాడ*

జవాబు: అన్నిటికీ ఓటింగ్ వద్దు. మందులు, నిద్రవేళ, బడికెళ్లడం లాంటివి మీరే నిర్ణయించండి, కారణం మాత్రం చెప్పండి. ఆదివారం ఏం వండాలి, సెలవుల్లో ఎక్కడికెళ్లాలి, పండగకు కేటాయించిన 500 రూపాయలు ఎలా ఖర్చు పెట్టాలి, ఇవి ఓటింగుకు బాగుంటాయి. నచ్చని ఫలితం వస్తే మీరు కొట్టేస్తారనుకున్న విషయానికి ఓటింగ్ అసలు పెట్టకండి. ఒక్కసారి కొట్టేస్తే మళ్లీ ఎన్ని ఓటింగులు పెట్టినా పిల్లలు నమ్మరు.

మీ ఇంట్లో రిమోట్ గొడవ మంచి సందర్భం. సంఖ్య ఎక్కువున్నంత మాత్రాన చిన్నదాని వంతు లాక్కోవచ్చా? రోజుకు ఒక గంట ముగ్గురిలో ఒక్కొక్కరిది, దాని మీద ఓటింగ్ ఉండదు అని నియమం పెట్టి గోడకు అంటించండి. తొమ్మిదో తరగతిలో ప్రాథమిక హక్కుల పాఠం వచ్చినప్పుడు అన్నదమ్ములకు పెద్దగా వివరించక్కర్లేదు.

---

ప్రశ్న: మా తరగతిలో పిల్లలు రెండు పార్టీలుగా చీలిపోయి తన్నుకునేదాకా వచ్చారు. వాళ్ల నాన్నలు మాట్లాడిందే మాట్లాడుతున్నారు. రాజకీయాలే ఎత్తకూడదని నిషేధించాను. సరైనదేనా?
*– ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా*

జవాబు: కొట్లాటను నిషేధించండి, మాటను కాదు. నిషేధిస్తే ఆటస్థలంలో మాట్లాడుకుంటారు, మీ చెవినపడదు. రెండు పద్ధతులు పనిచేస్తాయి. మొదటిది, పార్టీని, ప్రభుత్వాన్ని వేరు చేయడం. "ఈ రోడ్డు ఫలానా నాయకుడు వేశాడు" అని ఎవరైనా అంటే, "డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగండి. పిల్లలు కొన్న బిస్కెట్ ప్యాకెట్టు వెనక ధర దగ్గర రాసి ఉంటుంది, అన్ని పన్నులూ కలిపి అని. ఆ రోడ్డులో వాళ్ల డబ్బు కూడా ఉందని తెలిశాక గొంతులు కాస్త తగ్గుతాయి.

రెండోది, ఒకే రోజు రెండు దినపత్రికలు తెచ్చి ఒకే వార్తను పక్కపక్కన పెట్టడం. జరిగింది చెప్పే వాక్యాల కింద నీలి గీత, అభిప్రాయం చెప్పేవాటి కింద ఎర్ర గీత. మన పత్రికల్లో ఏది ఏ పక్షమో పిల్లలకూ తెలుసు కాబట్టి సరదాగా చేస్తారు. మీ సొంత మొగ్గు మాత్రం బయటపెట్టకండి, పల్నాడులో అది సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

---

ప్రశ్న: మా పాప 11 ప్రాథమిక విధులూ గడగడా అప్పజెబుతుంది, ఐస్‌క్రీం కాగితం మాత్రం రోడ్డు మీదే వేస్తుంది!
*– కర్నూలు*

జవాబు: పదకొండూ ఒకేసారి నేర్పితే అంతే. 1976లో 42వ సవరణతో పది వచ్చాయి, 2002లో 86వ సవరణతో పదకొండోది చేరింది. నెలకొక్కటి పట్టుకోండి. ప్రజా ఆస్తిని కాపాడటం తీసుకుంటే బడిలో కారుతున్న కుళాయి కింద లీటరు సీసా పెట్టి ఎంతసేపట్లో నిండిందో చూడమనండి. రోజుకెంత పోతోందో లెక్కగట్టి ప్రధానోపాధ్యాయురాలికి రాయమనండి.

ఇంకో మాట. మంచి పౌరుడంటే చెప్పినట్టు వినేవాడని పిల్లలు అనుకుంటారు, మన బడులు కూడా అలాగే అనుకుంటాయి. శాస్త్రీయ దృక్పథం, ప్రశ్నించి తెలుసుకునే తత్వం పెంచుకోవడం కూడా ఆ విధుల్లో ఒకటే. కాస్త పెద్ద పిల్లలైతే సమాచార హక్కు దరఖాస్తు చూపించండి. చట్టం పౌరులు అంటుంది, వయసు పెట్టలేదు. మన దగ్గర గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు చేయలేదు?" అని రాస్తే జవాబు రాదు. ఫలానా సంవత్సరం ఈ పనికి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చైంది, బిల్లుల నకళ్లు ఇవ్వండి అని రాయాలి.

---

ప్రశ్న: ఇక్కడ ఆదివారం తెలుగు బడి నడుపుతున్నాం. పిల్లలంతా అమెరికాలో పుట్టినవాళ్లు. ప్రభుత్వం గురించి ఏ దేశానిది నేర్పాలి?
*– డాలస్*

జవాబు: వాళ్లు ఓటు వేయబోయే దేశానిది ముందు. నగర కౌన్సిల్, స్కూల్ బోర్డు సమావేశాలకు తీసుకెళ్లండి, ప్రజలు లేచి మాట్లాడే సమయంలో ఏం జరుగుతుందో తెలుగులో రాయించండి. ఆ తర్వాత పోలిక. అక్కడ చాలాచోట్ల ఓటరే వెళ్లి నమోదు చేసుకోవాలి, ఇక్కడ బూత్ స్థాయి అధికారి ఇంటి గుమ్మందాకా వస్తారు. రెండు దేశాల్లోనూ అధ్యక్షుణ్ణి, రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు, కానీ పద్ధతులు వేరు. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో భారత్‌లో ఓటు వేయలేరని కూడా చెప్పండి, చాలామంది పిల్లలు వేయొచ్చనుకుంటారు.

---

ప్రశ్న: మా మనవడికి 17 నిండాయి, తిరుపతిలో హాస్టల్లో చదువుతున్నాడు. ఓటు ఎప్పుడొస్తుంది, ఎక్కడ రాయించాలి?
*– అనంతపురం*

జవాబు: ఇప్పుడే దరఖాస్తు చేయొచ్చు. ఒకప్పుడు జనవరి 1 ఒక్కటే లెక్క. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1, ఈ నాలుగింటిలో 18 నిండాక వచ్చే మొదటి తేదీ ఏదైతే అది. ఫారం 6 నింపాలి, ఎన్నికల సంఘం యాప్‌లో గానీ బూత్ స్థాయి అధికారి దగ్గర గానీ. మీరు నింపకండి, అతనిచేతే నింపించండి. పేరు స్పెల్లింగు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు ముందా వెనకా అన్న తికమకతోనే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి. హాస్టల్ చిరునామాతోనైనా అనంతపురం ఇంటి చిరునామాతోనైనా రాయించుకోవచ్చు, రెండుచోట్లా మాత్రం కుదరదు, చట్టప్రకారం నేరం. పోలింగ్ రోజున సెలవుకు ఇంటికొస్తాడా, హాస్టల్లోనే ఉంటాడా అన్నది అడిగి తేల్చుకోండి. సందేహాలకు 1950 నంబరు.